రౌటర్‌ను దించుకోవచ్చు, స్విచ్‌ను కొనుక్కోవాలి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సీసీఎన్ఏ అన్న నాలుగక్షరాలు లేని బోర్డు వెతుక్కోవాల్సిందే. సిస్కో కంపెనీ 1998లో మొదలుపెట్టిన ఈ నెట్‌వర్కింగ్ పరీక్ష ఎన్నోసార్లు రూపు మార్చుకుంది. ఇప్పుడు నడుస్తున్న 200-301 పరీక్ష 2020 ఫిబ్రవరిలో వచ్చింది. గడువు రెండు గంటలు, ఫీజు 300 డాలర్లు, సర్టిఫికెట్ చెల్లుబాటు మూడేళ్లు. కోర్సులో చేరిన కుర్రాడు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంట్లో ప్రాక్టీసుకి ఏం కొనాలి సార్?"

దీనికి రెండు రకాల జవాబులు తిరుగుతుంటాయి. పైసా ఖర్చు పెట్టొద్దు, ల్యాప్‌టాప్‌లో ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే చాలన్నది ఒకటి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో నాలుగు రౌటర్లు, మూడు స్విచ్‌లు తెచ్చి రాక్‌లో బిగించుకోమన్నది రెండోది. చెప్పినవాడి అనుభవాన్ని బట్టి జవాబు మారుతుంది తప్ప, వస్తువు స్వభావాన్ని బట్టి ఎవరూ చెప్పరు. వస్తువు లోపల పని ఎక్కడ జరుగుతోందో తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో దానంతట అదే తేలిపోతుంది. ముందు అక్కడికే వెళ్దాం.

2005 ఆగస్టులో క్రిస్టఫ్ ఫిల్లో అనే ఆయన ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు డైనమిప్స్. సిస్కో 7200 అనే పెద్ద రౌటర్‌లో మిప్స్ జాతి ప్రాసెసర్ ఉండేది. ఆ ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాలను ఒక్కొక్కటిగా తీసుకుని, మామూలు పీసీ ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి నడిపించడమే ఈ ప్రోగ్రాం పని. ఫలితం ఏమిటంటే, అసలు రౌటర్‌లో నడిచే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌ని ఒక్క అక్షరం మార్చకుండా తెచ్చి పీసీలో పెడితే, తాను నిజమైన 7200లోనే ఉన్నానన్న భ్రమలో అది నడిచిపోతుంది. తర్వాత జెరెమీ గ్రాస్‌మన్ దీనికి బొమ్మలు గీసుకునే తెర తగిలించి జీఎన్ఎస్3 అని పేరు పెట్టాడు. 2008లో అది జనంలోకి వచ్చింది.

ఈ భ్రమ ఎంత గట్టిదో ఒక చిన్న ఇబ్బంది చూస్తే తెలుస్తుంది. జీఎన్ఎస్3లో తొలిసారి పాత రౌటర్ ఒకటి ఆన్ చేసినవాడి ల్యాప్‌టాప్ ఫ్యాను గిర్రున తిరగడం మొదలవుతుంది. రౌటర్‌కి ఒక్క ప్యాకెట్ కూడా రాలేదు, అయినా ప్రాసెసర్‌లో ఒక కోర్ వాడకం నూటికి నూరు శాతం. కారణం విచిత్రంగా ఉంటుంది. పని లేనప్పుడు ఐఓఎస్ ఊరికే కూర్చోదు, "పనేమైనా వచ్చిందా, పనేమైనా వచ్చిందా" అని ఒకే చుట్టులో తిరుగుతూ ఉంటుంది. అసలు రౌటర్‌లో దానివల్ల నష్టం లేదు, ఆ ప్రాసెసర్‌కి వేరే ఉద్యోగం లేదు కదా. ఆ ఖాళీ చుట్టును కూడా డైనమిప్స్ శ్రద్ధగా అనువదిస్తూ ల్యాప్‌టాప్‌ని కాల్చేస్తుంది. అందుకే అందులో 'ఐడిల్-పీసీ' అనే విలువ ఒకటి పెడతారు. ప్రోగ్రాం ఫలానా చిరునామాకి చేరిందంటే ఖాళీగా తిరుగుతోందని లెక్క, అక్కడ కాసేపు నిద్రపుచ్చమని అర్థం. ఆ విలువ సరిగ్గా కుదిరితే నూరు శాతం కాస్తా ఐదుకో పదికో దిగుతుంది.

రౌటర్‌ని ఇలా ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడం సాధ్యమైంది ఎందుకు? ఆ తరం రౌటర్లు నిజానికి కంప్యూటర్లే కాబట్టి. ప్రాసెసర్, మెమరీ, వాటి మీద ఒక ప్రోగ్రాం. ప్యాకెట్ వస్తే ప్రోగ్రామే తీసి చూసి, ఏ దారిన పంపాలో తేల్చి పంపుతుంది. పని మొత్తం సాఫ్ట్‌వేర్‌లో ఉంది కనుక సాఫ్ట్‌వేర్ ఎక్కడికి పోతే రౌటర్ అక్కడికి పోతుంది.

స్విచ్ అలా కాదు. ఇరవై నాలుగు పోర్టుల స్విచ్‌లోని సాధారణ ప్రాసెసర్ చాలా చిన్నది. ఫ్రేముల్ని ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి తోసే పని దాని చేతికి రాదు. ఆ పని కోసమే గీసి చెక్కిన ఏసిక్ చిప్‌లు ఉంటాయి. 100 మెగాబిట్ల పోర్టు ఒక్కదాంట్లోనే అతి చిన్న ఫ్రేములు సెకనుకి లక్షా నలభై ఎనిమిది వేల పైచిలుకు రాగలవు. అలాంటివి ఇరవై నాలుగు పోర్టుల్లో వస్తుంటే జాబితా తీసి వరుసగా వెతకడం కుదరదు. అందుకని వెతుకులాటే లేని జ్ఞాపకం వాడతారు. ఊరి దస్త్రంలో సుబ్బారావు పేరు కోసం పేజీ పేజీ తిరగేయడం ఒక పద్ధతి. ఊరందరినీ రచ్చబండ దగ్గర నిలబెట్టి "సుబ్బారావు ఎవరయ్యా?" అని ఒక్క కేక వేస్తే ఆయనే చెయ్యెత్తడం ఇంకో పద్ధతి. స్విచ్‌లోని క్యామ్, టీక్యామ్ జ్ఞాపకాలు రెండో రకం. ప్రతి గడీ తన దగ్గరున్న విలువను అడిగిన విలువతో ఒకేసారి పోల్చి చూసుకుంటుంది.

ఈ చిప్‌ల లోగుట్టు బయటివాళ్లకి తెలియదు. అందుకే డైనమిప్స్ ఎన్నో రౌటర్లను ఆడించింది కానీ సిస్కో క్యాటలిస్ట్ స్విచ్ జోలికి పోలేకపోయింది. తర్వాత సిస్కో తన సొంత ప్రాక్టీసు సాఫ్ట్‌వేర్‌లో, అంటే ఇప్పటి సిస్కో మోడలింగ్ ల్యాబ్స్‌లో, స్విచ్‌లాగా ప్రవర్తించే ప్రత్యేక ఐఓఎస్ ఒకటి ఇచ్చింది. దాంతో వీల్యాన్‌లు, ట్రంకులు, స్పానింగ్ ట్రీ బాగానే సాధన చేయొచ్చు. ఐదు పరికరాల వరకు ఉచితంగా నడుపుకొనే వెర్షన్ కూడా ఉంది, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే హాయిగా మోస్తుంది. జీఎన్ఎస్3లో పెట్టుకునే ఐఓఎస్ ఎక్కణ్నుంచి తెచ్చారన్న చట్టపరమైన పేచీ కూడా దీంతో తీరిపోతుంది. ఐఓఎస్‌కి కాపీరైటు ఉంది, టెలిగ్రామ్ గ్రూపులో దొరికినంత మాత్రాన అది మనదైపోదు.

ఇక ప్యాకెట్ ట్రేసర్. ఇది పై రెండింటిలాంటిది కాదు. ఇందులో ఐఓఎస్ లేనే లేదు. ఫలానా ఆదేశం కొడితే ఫలానా జవాబు రావాలని ముందుగా రాసిపెట్టిన నాటకం. రాయని సీన్ అడిగితే నీళ్లు నములుతుంది. ఈ కారణంగా దీన్ని చిన్నచూపు చూసే పెద్దలున్నారు, నాకు మాత్రం అది సరికాదనిపిస్తుంది. కారణం ఒక్క పింగ్‌లో చూపించొచ్చు. కొత్తగా కలిపిన రౌటర్ నుంచి పక్క యంత్రానికి పింగ్ కొడితే తెర మీద వచ్చేది ఇదీ: .!!!! అంటే ఐదింట్లో మొదటిది పోయింది, మిగతా నాలుగు చేరాయి. రెండోసారి కొడితే ఐదూ చేరతాయి. అసలు పరికరం మీద ఆ చుక్క తప్ప ఇంకేమీ కనిపించదు. ప్యాకెట్ ట్రేసర్‌లో సిమ్యులేషన్ మోడ్ పెట్టి ఒక్కో అడుగు నొక్కుతూ పోతే, పక్క యంత్రం మ్యాక్ చిరునామా తెలియక మొదటి కవరు దారిలోనే ఆగిపోవడం, దాని బదులు ఇంకో రంగు కవరు బయల్దేరి అందరి ఇంటికీ వెళ్లి "ఈ ఐపీ ఎవరిది?" అని అడిగి రావడం కళ్లకు కడుతుంది. 1982లో రాసిన ఏఆర్‌పీ అనే ఒప్పందం అదే. అసలు ఇనుము చూపించలేనిదాన్ని ఈ నాటకం చూపిస్తుంది. మొదటి రెండు మూడు నెలలకి ఇంతకు మించిన సామాను లేదు, పైగా ఉచితం.

మరి ఇనుము చూపించేదేమిటి? సాఫ్ట్‌వేర్‌లో గీసిన తీగకి లేనిదీ, నిజం తీగకి ఉన్నదీ ఒకటుంది, విద్యుత్తు. రెండు రౌటర్ల మధ్య దారుల సమాచారం పంచుకునే ఓఎస్‌పీఎఫ్ నడుస్తోందనుకోండి. ఒక వైపు పోర్టు మూసేశారు. నిజమైన రౌటర్లను నేరుగా కేబుల్‌తో కలిపి ఉంటే అవతలి వైపు సంకేతం ఆగిపోతుంది, ఆ పోర్టు వెంటనే పడిపోతుంది, పొరుగు తెగిపోయిందన్న సందేశం క్షణాల్లో తెర మీద కనిపిస్తుంది. అదే డైనమిప్స్‌లో అయితే అవతలి పోర్టు ఏమీ ఎరగనట్టు లేచే ఉంటుంది. పది సెకన్లకోసారి రావాల్సిన హలో రాకపోయినా ఎదురుచూసి ఎదురుచూసి నలభై సెకన్లకి గానీ పొరుగును చనిపోయినట్టు ప్రకటించదు. కుర్రవాడు అదే ఓఎస్‌పీఎఫ్ స్వభావం అనుకుంటాడు. (నిజమైన ఆఫీసులో ఆ రెండింటి మధ్య ఓ స్విచ్ ఉంటే ఇదే నలభై సెకన్ల ఆలస్యం వస్తుంది, అది వేరే సంగతి.)

ఇంకొకటి, డూప్లెక్స్ గొడవ. ఈథర్నెట్ పోర్టులు రెండూ కలవగానే దాదాపు 16 మిల్లీసెకన్లకోసారి చిన్న చిన్న విద్యుత్ స్పందనలు పంపుకుని, ఎంత వేగం, రెండు వైపులా ఒకేసారి మాట్లాడదామా అని బేరం కుదుర్చుకుంటాయి. ఒకవైపు ఎవరో మహానుభావుడు బేరాలొద్దని 100, ఫుల్ అని చేత్తో రాసిపెట్టాడు. ఆ పోర్టు ఇక బేరంలో పాల్గొనదు. రెండోవైపు పోర్టు సంకేతాన్ని బట్టి వేగం 100 అని పసిగట్టగలదు, ఫుల్లో హాఫో కనిపెట్టే దారి లేదు. అలాంటప్పుడు హాఫ్ అనుకోమన్నది ప్రమాణంలోని నియమం. ఇప్పుడు పింగ్ కొట్టండి, ఐదుకి ఐదూ చేరతాయి. పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయండి, నత్తనడక. హాఫ్ వైపు లెక్కల్లో లేట్ కొలిజన్లు, ఫుల్ వైపు లెక్కల్లో సీఆర్‌సీ తప్పులు పెరుగుతూ పోతాయి. పింగ్ బాగానే వెళ్తోంది, నెట్ మాత్రం స్లో అని ఫిర్యాదు చేసే ఆఫీసులో ఏం చూడాలో ఇది నేర్పినట్టు ఏ పుస్తకమూ నేర్పదు. దీనికి కావల్సిందల్లా రెండు పాత స్విచ్‌లు, రెండు పీసీలు.

స్విచ్‌ల మధ్య ఫ్రేములు చుట్టు తిరగకుండా ఆపే స్పానింగ్ ట్రీ సంగతి ఇంకా బాగుంటుంది. పాత క్యాటలిస్ట్ స్విచ్‌లో కేబుల్ గుచ్చితే పోర్టు దీపం నారింజ రంగులో వెలిగి, అర నిమిషం తర్వాత గానీ పచ్చబడదు. పదిహేను సెకన్లు వినడం, పదిహేను సెకన్లు నేర్చుకోవడం, ఆ తర్వాతే ఫ్రేములు దాటించడం. 1985లో డెక్ కంపెనీలో ఉండగా రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన పద్ధతి ఇది, 1990లో 802.1డి ప్రమాణంగా స్థిరపడింది. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు వేస్తే మూడు దీపాలు పచ్చబడి ఒకటి నారింజలోనే ఉండిపోతుంది. ఏది ఉండిపోయిందో చూసి, ఎందుకని లెక్క కట్టాలి. అన్ని స్విచ్‌లూ కంపెనీ అమరికలోనే ఉంటే చిన్న మ్యాక్ చిరునామా ఉన్నదే రూట్ అవుతుంది. చిరునామాలు పెరుగుతూ పోతాయి కాబట్టి చాలాసార్లు ఆ గుంపులో అన్నిటికన్నా ముసలి స్విచ్చే పెద్దరికం దక్కించుకుంటుంది. కొత్తగా లక్షలు పోసి స్విచ్‌లు కొన్న ఆఫీసులో కూడా ట్రాఫిక్ అంతా మూలనున్న పాత డబ్బా గుండా పోవడం ఇందుకే. ప్రయారిటీ మార్చి రూట్‌ను ఇంకో స్విచ్‌కి ఇచ్చి దీపాలు రంగులు మారడం చూశాక ఆ అధ్యాయం మళ్లీ చదవక్కర్లేదు.

ఆ తర్వాత ధైర్యం చేసి వీల్యాన్ 1లో స్పానింగ్ ట్రీని ఆపేయండి. కేబుళ్లు రెండూ అలాగే ఉంచి ఒక పీసీ నుంచి లేని చిరునామాకి పింగ్ కొట్టండి. బయల్దేరిన ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ రెండు స్విచ్‌ల మధ్య గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. ఐపీ ప్యాకెట్‌కి ఆయుష్షు లెక్కపెట్టే టీటీఎల్ ఉంది, ఈథర్నెట్ ఫ్రేముకి అలాంటిది లేదు, కనుక దానికి చావు లేదు. కన్సోల్‌లో అక్షరం కొడితే పడకుండా మొరాయిస్తుంది, పోర్టు దీపాలన్నీ ఒకే తాళంలో కొట్టుకుంటాయి. ఒక కేబుల్ పీకేయగానే అంతా ప్రశాంతం. ఇది ఇంట్లో టేబుల్ మీదే చేయాలి, పొరపాటున కూడా ఆఫీసు నెట్‌వర్క్‌లో చేయకూడదు.

కాబట్టి డబ్బు స్విచ్‌ల మీద పెట్టండి. ఏవి? 2950 చవగ్గా దొరుకుతుంది, కానీ దాన్నీ 3550నీ ఇక వదిలేయాలి. ఈ రెండింటికీ మామూలు కేబుల్‌తో స్విచ్‌ని స్విచ్‌కి కలిపితే సర్దుకునే తెలివి లేదు, క్రాస్ కేబుల్ కావాలి. 2960లు రెండు, 3560 ఒకటి ఉంటే ఈ పరీక్షలోని స్విచింగ్ భాగానికి సరిపోతాయి. 2960 రెండో పొర స్విచ్. 3560 మూడో పొరలో రౌటింగ్ కూడా చేస్తుంది, 'ఐపీ రౌటింగ్' అని ఒక్క మాట చెప్పాలంతే. ఈ రెంటి మధ్య ఒక తేడా పరీక్ష రాసేవాడికి కొత్తలో చుక్కలు చూపిస్తుంది. 2960లో నేరుగా పోర్టును ట్రంక్‌గా మార్చొచ్చు. 3560లో అదే ఆదేశం కొడితే, ఎన్‌క్యాప్సులేషన్ ఆటోలో ఉన్న పోర్టును ట్రంక్ చేయనని మొండికేస్తుంది. దానికి సిస్కో సొంత ఐఎస్ఎల్ పద్ధతీ తెలుసు, అందరూ వాడే డాట్1క్యూ పద్ధతీ తెలుసు, ఏదో ఒకటి ముందు చెప్పమంటుంది. 2960కి తెలిసింది ఒక్కటే కనుక ఆ ప్రశ్నే రాదు.

పోర్టులు ఎనిమిదైనా చాలు. ఫ్యాను లేని చిన్న 2960 మోడళ్లున్నాయి, దొరికితే అవే తీసుకోండి. ఇరవై నాలుగు పోర్టుల డబ్బా ఫ్యాను మోత పడగ్గదిలో భరించడం కష్టం, ఫోన్లకి కరెంటిచ్చే పీఓఈ మోడళ్లు మరీను. కరెంటు ఖర్చు మాత్రం అనుకున్నంత ఉండదు. పీఓఈ లేని స్విచ్ ఒక్కోటి నలభై వాట్లనుకున్నా, మూడింటినీ రోజుకి నాలుగు గంటలు నడిపితే నెలకి పదిహేను యూనిట్ల లోపే.

కొనే చోట పరీక్షించకుండా తేవద్దు. ల్యాప్‌టాప్, కన్సోల్ కేబుల్ వెంట తీసుకెళ్లి, 9600 వేగంలో తగిలించి, బూట్ అయ్యేదాకా నిలబడి చూడాలి. పాత యజమాని పాస్‌వర్డ్ అడిగితే భయపడనక్కర్లేదు. స్విచ్ ముందున్న మోడ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేసి, కాన్ఫిగ్ ఫైలు పేరు మార్చేస్తే దాన్ని చదవకుండానే లేస్తుంది. రౌటర్‌లో అయితే బూట్ అవుతుండగా బ్రేక్ కొట్టి రిజిస్టర్‌ని 0ఎక్స్2142కి మార్చడం. ఈ రెండూ రావడమే ఒక పాఠం.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఇంటికి తెచ్చాక స్టార్టప్ కాన్ఫిగ్ చెరిపేసి రీలోడ్ చేస్తారు. అంతా కొత్తగా ఉందనుకుని వీల్యాన్ల జాబితా చూస్తే 'అకౌంట్స్', 'సీసీటీవీ', 'గెస్ట్' అంటూ ఎవరి ఆఫీసుదో తెలియని పేర్లన్నీ అక్కడే ఉంటాయి. వీల్యాన్ వివరాలు ఫ్లాష్‌లో వీల్యాన్.డ్యాట్ అనే వేరే ఫైలులో ఉంటాయి, కాన్ఫిగ్ చెరిపితే అది చెరగదు. దాన్ని విడిగా తీసేయాలి. ఇదేదో శుభ్రత విషయమని కొట్టిపారేయకండి. వీల్యాన్ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే వీటీపీ రివిజన్ నంబరు కూడా అందులోనే ఉంటుంది. డొమైన్ పేరూ పాస్‌వర్డూ కలిసి, ఈ నంబరు కూడా ఎక్కువగా ఉన్న స్విచ్‌ని తీసుకెళ్లి నడుస్తున్న నెట్‌వర్క్‌లో ట్రంక్‌గా తగిలిస్తే, వీటీపీని పాటించే మిగతా స్విచ్‌లన్నీ దాని జాబితానే నిజమనుకుని తమ వీల్యాన్లను చెరిపేసుకుంటాయి. మూడు స్విచ్‌లుంటే ఈ ప్రమాదాన్ని ఇంట్లోనే కావాలని తెప్పించుకుని చూడొచ్చు.

నకిలీల సంగతి కూడా చెప్పాలి. 2020 జులైలో ఎఫ్-సెక్యూర్ సంస్థ నకిలీ 2960-ఎక్స్ స్విచ్‌లను విప్పి చూసి నివేదిక ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక పనిచేయడం మానేయడంతోనే వాటి గుట్టు బయటపడింది. ప్రాక్టీసుకి నకిలీ అయినా ఫ్రేములు దాటిస్తుంది కానీ, అసలు ధర ఇచ్చి నకిలీ కొనడం ఎందుకు? పెట్టె మీది సీరియల్ నంబరు, 'షో వెర్షన్'లో కనిపించే సీరియల్ నంబరు ఒకటే అయ్యుండాలి.

నకిలీల బెడద కన్సోల్ కేబుల్‌కి ఇంకా ఎక్కువ. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీరియల్ పోర్టు లేదు, యూఎస్‌బీ మార్పిడి తీగ కావాలి. ప్రొలిఫిక్ చిప్‌కి నకిలీలు విపరీతంగా వచ్చాక, ఆ కంపెనీ కొత్త విండోస్ డ్రైవర్లు పాత చిప్‌లనూ నకిలీలనూ ఒప్పుకోవడం మానేశాయి. 2014లో ఎఫ్‌టీడీఐ డ్రైవర్ ఒకటి నకిలీ చిప్ గుర్తింపు సంఖ్యనే సున్నా చేసి మూలన కూర్చోబెట్టింది. స్విచ్ పాడైందని తలపట్టుకునే ముందు తీగ మార్చి చూడాలి.

రౌటర్ల మీద ఖర్చు గురించి ఎక్కువ చెప్పేది లేదు. పాత జాబితాలు పట్టుకుని 2500 సిరీస్ రౌటర్లు, సీరియల్ కార్డులు, డీసీఈ కేబుళ్లు వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. చాలా 2500 రౌటర్లలో మామూలు ఈథర్నెట్ సాకెట్ కూడా ఉండదు, ఏయూఐ పోర్టుకి వేరే మార్పిడి డబ్బా తగిలించాలి. ఫ్రేమ్ రిలే సిలబస్ నుంచి ఎప్పుడో పోయింది, సీరియల్ లింకులూ 2020 నాటికి పోయాయి, ఆర్ఐపీ, ఈఐజీఆర్‌పీల సాధనా పోయింది. ఓఎస్‌పీఎఫ్, స్టాటిక్ రూట్లు, నాట్, యాక్సెస్ లిస్టులు మిగిలాయి. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ రౌటర్‌లో నిక్షేపంగా నడుస్తాయి. సరదాకి ఒక 1841 కొనుక్కుంటే అభ్యంతరం లేదు, పాస్‌వర్డ్ తప్పించడం దాని మీద నేర్చుకోవచ్చు. నాలుగు మాత్రం వద్దు.

వైర్‌లెస్ కంట్రోలర్ కోసమూ ఏమీ కొనక్కర్లేదు. పరీక్ష అడిగేది ఎక్కువగా దాని తెరల మీది సెట్టింగులే, ప్యాకెట్ ట్రేసర్‌లో ఆ తెరలున్నాయి. ఆటోమేషన్ భాగంలో సాధన వరకు జేసాన్ చదవడం వస్తే చాలు, కాకపోతే టేబుల్ మీద మూడు స్విచ్‌లున్నప్పుడు అంతటితో ఆగబుద్ధి కాదు. పైథాన్‌లో నెట్‌మికో లైబ్రరీతో పదిహేను లైన్లు రాస్తే మూడింట్లోనూ ఒకే వీల్యాన్లు వరుసగా పడతాయి. దానికి మామూలుగా స్విచ్‌లో ఎస్ఎస్‌హెచ్ ఉండాలి. అది ఉండాలంటే 'షో వెర్షన్'లో కనిపించే ఐఓఎస్ ఫైలు పేరులో కే9 అన్న ముక్క ఉండాలి. ఆ ముక్క లేని స్విచ్‌కి టెల్‌నెట్ ఒక్కటే దారి. ఎదురుగా రెండు 2960లు ఒకే ధరకి ఉన్నప్పుడు, పోర్టులు లెక్కపెట్టే ముందు ఆ ఫైలు పేరు చదివి కే9 ఉన్నదే ఎంచుకోవాలి.